మంచును తుడవని కెమెరా

మాఘమాసంలో మా ఆవిడ పోయింది. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఒక చిన్న కెమెరా కొనాలని నిశ్చయించుకున్నాను. విన్నవాళ్ళందరూ ఒకటే అడిగారు, చేతిలో ఫోన్ ఉండగా కెమెరా ఎందుకని. నా దగ్గర జవాబు ఉంది గాని అది వీధిలో నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకని ఊరుకున్నాను. భార్య పోయినవాడు ఏం కొన్నా జనం ఎక్కువ వాదించరు. అది నాకు కలిసివచ్చింది.

మా ఇల్లు అమలాపురం దాటాక కొంత దూరంలో, కాలువ పక్కన ఉంటుంది. గేటు తీస్తే గట్టు. గట్టుకి ఒక పక్క కాలువ, రెండో పక్క కొబ్బరి తోటలు, మధ్యలో రెండు సైకిళ్ళు ఒరుసుకోకుండా పోగలిగినంత దారి. నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. మాకు పిల్లలు లేరు. కొద్దిపాటి కొబ్బరి తోట ఉంది. ఇద్దరం ఉన్నంతకాలం అది సరిపోయింది.

చలికాలం తెల్లవారుజామున మా వైపు మంచు పడుతుంది. కార్తీకం చివర మొదలై మాఘం దాకా ఉంటుంది. అన్ని రోజులూ పడదు. పడిన రోజున మాత్రం కాలువ మీంచి లేచి, గట్టెక్కి, తోటల్లోకి పోతుంది. అప్పుడు కొబ్బరిచెట్లకి మొదళ్ళుంటాయి, తలలుండవు. ఎక్కడో పైన కాకి అరిస్తే అది చెట్టు మీద ఉందో, ఊరికే గాలిలో ఉందో తెలియదు. మేమిద్దరం ఆ వేళకే నడకకి వెళ్ళేవాళ్ళం. నాకు మోకాలి నొప్పి. ఆమె ముందు నడిచేది. కొంచెం దూరం పోయేసరికి ఆమె చీర రంగు పోయేది, తరువాత ఆకారం పోయేది, ఆ తరువాత తెలుపు తప్ప ఏమీ ఉండేది కాదు.

మంచులో గట్టు మీద ఎవరూ నోరు మూసుకుని నడవరు. సైకిలు మీద కొబ్బరికాయలు వేసుకొచ్చే మనిషి గంట కొడుతూనే ఉంటాడు. పాలు పోసే ఆయన దగ్గుతూ వస్తాడు, దగ్గు లేకపోయినా. నడిచేవాళ్ళు ఎవరినో ఒకరిని పిలుస్తారు. లేకపోతే ఒకరినొకరు గుద్దుకుని కాలువలో పడతారు. ఆమె కూడా పిలిచేది.

"ఉన్నారా?" అనేది ఆ తెలుపులోంచి.

"ఆయ్," అనేవాణ్ణి.

కాసేపటికి మళ్ళీ "ఉన్నారా?" మళ్ళీ "ఆయ్." మా నడకలో మాటలంటే అవే.

ఆఖరి చలికాలం ఆమె మంచం మీద ఉంది. ఆ గది కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. మెలకువ రాగానే అడిగేది.

"ఇవాళ పట్టిందాండీ?"

"పట్టింది."

"ఏమాత్రం?"

"మన గేటు కనపడటం లేదు."

"అయితే కాస్త పట్టుకురండి. చూస్తాను."

ఫోన్ తీసుకుని గట్టు మీదికి వెళ్ళేవాణ్ణి. తెర మీద మంచు కనపడేది. బొమ్మ తీయగానే తెర మధ్య ఒక చిన్న సున్నా గిర్రున తిరిగేది. అది ఆగేసరికి మంచు పోయేది. కొబ్బరాకులు దేనికది విడిగా, ఆకుపచ్చగా, మధ్యాహ్నం తీసినట్టు ఉండేవి. కాలువ అవతల తోటలో ఎవరో ఆరేసిన లుంగీ గళ్ళతో సహా కనపడేది. అది నా కంటికి కనపడనే లేదు. ఎన్నిసార్లు తీసినా అంతే. సెట్టింగులలో వెతికాను. ఏదో ఆపాను. లుంగీ మాత్రం పోలేదు.

మా ఆవిడ ఫోన్ ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇందులో మంచేదండీ?"

"ఫోన్ తుడిచేసింది."

"మన పనమ్మాయి కంటే నయం. చెప్పకుండానే తుడిచేస్తోంది," అంది.

బీరువాలో మా పాత కెమెరా ఉంది. అది తియ్యనా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంత మంచులోనా? వద్దండీ బాబూ. తేమ తగిలితే పాడైపోద్ది."

"మరి దేనికి దాచడం?"

"ఉంటాదిలెండి, ఎప్పుడన్నా పనికొస్తాది. మీరు వచ్చే ఏటికి తుడవని కెమెరా ఏదన్నా చూడండి."

సరేనన్నాను. ఆ తరువాత ఆమె అడగడం మానేసింది. మంచు పలచబడుతున్న రోజుల్లో పోయింది.

నాకు ఇష్టంలేని పనులు ఆ తరువాత చాలా జరిగాయి. వచ్చినవాళ్ళు ఆమె గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడారు. ఆ మాటల్లో నాకు ఆమె కనపడలేదు. ఫ్రేము కట్టించడానికి ఫొటో ఇస్తే స్టూడియోవాళ్ళు ఆమె రంగు తేల్చేశారు, గడ్డం పక్కనున్న పుట్టుమచ్చ తీసేశారు, వెనకాల ఎర్రని తెర ఒకటి పెట్టారు. ఆమెనీ తుడిచేశారన్నమాట. వాళ్ళ తప్పు లేదు. అందరూ అలాగే అడుగుతారు.

వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం పడుకుని కళ్ళు మూసుకున్నాను. గట్టు మీద ఆమె నడుస్తున్నట్టు తలుచుకుందామనుకున్నాను. గట్టు వచ్చింది. ఆకుపచ్చని కొబ్బరాకులు వచ్చాయి. అవతల తోటలో లుంగీ వచ్చింది. ఆమె స్పష్టంగా, పట్టపగలు నడుస్తున్నట్టు నడిచి వెళ్ళిపోయింది. ఎక్కడా మాయం కాలేదు, అందుచేత పిలవనూ లేదు. నేను లేచి కూర్చున్నాను. ఆమెకు మంచు చూపించలేకపోయిన ఆ ఫోన్ బొమ్మల్ని నేను తరువాత చాలాసార్లు చూసుకున్నాను. అవి లోపలికి పోయి అక్కడున్న అసలుదాన్ని తుడిచేశాయి. ఆ తరువాత ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎండే వచ్చింది. ఆమె పోవడం ఒక రకం. ఇది ఇంకో రకం. సంవత్సరీకం నాటికయినా ఒక్క మంచు బొమ్మ, నా కంటికి కనపడ్డది కనపడ్డట్టు, నా ఎదుట ఉండాలనుకున్నాను.

కార్తీకంలో మా మరదలు వచ్చింది. మా ఆవిడకు చెల్లెలు. మా ఊళ్ళోనే ఉంటుంది, భర్త రొయ్యల చెరువులు చూసుకుంటాడు. అక్క చీరలు సర్దడానికి వచ్చింది. బీరువాలో అడుగున ఒక పట్టుచీర తీస్తే బరువుగా ఉంది. విప్పితే లోపల తుండు. తుండు విప్పితే ప్లాస్టిక్ సంచి, దాని మూతికి దారంతో ముడి. సంచిలో ఇంకో సంచి. అందులో కలరా ఉండలు, వాటి మధ్య మా కెమెరా.

"ఏంటండీ బావగారూ ఇది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది!"

నిజమే. ఆ కెమెరా మేము ఒక యాత్రకు వెళ్తూ కొన్నది. తిరిగి వచ్చాక మా ఆవిడ దాన్ని అలా చుట్టింది. ఏ శుభకార్యానికో తీసేది, మళ్ళీ చుట్టేది. తరువాత తీయడం మానేసింది. మా వైపు గాలిలో నీళ్ళుంటాయి. వానాకాలం పుస్తకాల అట్టలకి బూజు పడుతుంది, చెప్పులకి పడుతుంది. అందుకని విలువైన వస్తువు ఏదైనా మా ఇళ్ళలో చుట్టి, మూసి, తాళం వేస్తారు. మా ఆవిడ మంచి వస్తువును ఎన్ని పొరలు చుడితే అంత గౌరవం చేసినట్టు చూసేది.

ఛార్జరు దొరికింది. సాయంత్రానికల్లా కెమెరా కళ్ళు తెరిచింది. మా మరదలు దాన్ని పట్టుకుని గేటు బయటికి వెళ్ళింది. ఇంకా ఎండ ఉంది. ఒక్క నిమిషంలో పరుగెత్తుకొచ్చింది.

"బావగారూ! మంచు! మంచొచ్చేసిందండీ!"

తెర చూశాను. గట్టు, కాలువ, తోట. అన్నిటి మీదా పల్చటి తెల్లని పొర. ఎండ తగిలిన చోట అది వెలుగుతోంది. చెట్ల తలలు కరిగిపోయి ఉన్నాయి. నన్ను నిలబెట్టి ఒకటి తీసింది. పొగలోంచి వస్తున్నట్టు ఉన్నాను.

"పౌరాణిక నాటకంలో నారదుడిలా ఉన్నారు. తంబుర ఒక్కటే తక్కువ," అంది. తరువాత మెల్లగా, "అక్క అడిగింది ఇదేగా. ప్రింటు వేయించేయండి. ఎవరికి తెలుస్తాదండీ?" అంది.

నాకు సంతోషం కలగలేదని చెప్తే అబద్ధం. ఆ బొమ్మల్ని చాలాసేపు చూశాను. ఏ సందేహమూ లేనివాడికి అవి మంచులాగే ఉంటాయి. మర్నాడు టార్చి వేసి కటకంలోకి చూశాను. లోపల సాలెగూడు లాంటి సన్నని తెల్లని పోగులు, అద్దం అంచు నుంచి మధ్యకు పాకుతూ ఉన్నాయి.

దాన్ని జేబులో వేసుకుని బస్సెక్కి అమలాపురం వెళ్ళాను. పాత కెమెరాలు అమ్మే, బాగుచేసే దుకాణం ఒకటి ఉంది. ఫ్రేము కట్టించిన స్టూడియో కాదు, ఇంకొకటి. దుకాణదారు నాకంటే చిన్నవాడు, లావుపాటి మనిషి. కన్ను దగ్గర పెట్టుకుని చూసి, నవ్వాడు.

"బూజండీ మాస్టారూ. లోపల పట్టేసింది. ఎక్కడ దాచేరు?"

"బీరువాలో."

"కవర్లో పెట్టి?"

"ఆ."

"చీరలో చుట్టి?"

నేను కళ్ళజోడు సర్దుకున్నాను.

"పట్టుచీరేనా, నేతచీరా?" అన్నాడు. "ఊరికే అడిగేనండి. మన వైపు అందరూ ఇంతే. కవరు కట్టినప్పుడు ఆ రోజు గాలి కూడా లోపల ఉండిపోద్దిగా. అందులో తేమ ఎక్కడికి పోతాదండీ? గాలికీ వెలుగుకీ బయట పడేస్తే దీనికేం కాదు. భద్రం చేస్తేనే పోతాది."

"బాగవుతుందా?"

"విప్పొచ్చండి. మళ్ళీ కూడితే కూడుతుందని చెప్పలేను. దానికయ్యేదాంట్లో ఇంకోటి వస్తాది. కొత్తది తీసుకుంటే ఒక్కమాట, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకండి. అంటుకుంటాది."

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. నేను కెమెరా తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

కెమెరాల గురించి అప్పటికే చాలా చదివాను. చదవడం నాకు అలవాటయిన పని. ఏది పడితే అది కొనే స్తోమత లేదు. ఒక దింపు, అంటే చెట్లెక్కి ఒకసారి కోసిన కొబ్బరికాయలు అమ్మితే వచ్చిన డబ్బు, అంతకు మించి పెట్టకూడదనుకున్నాను. ఆ డబ్బుకి కొత్తది రాదని తెలిసింది. చిన్న కెమెరాలు కొత్తవి ఇప్పుడు తక్కువ, ఉన్నవి నా అందుబాటులో లేవు. కనుక వాడినదే. ఎన్ని మెగాపిక్సెళ్ళు అన్నది నాకు అనవసరం అనీ, దూరాన్ని దగ్గరకు లాగే జూము కూడా అనవసరం అనీ తేల్చుకున్నాను. నాకు కావలసినవి రెండే. కటకం శుభ్రంగా ఉండాలి. వెలుగు ఎంత కావాలో కెమెరా నిర్ణయించాక, దాని మాట కాదని నేను కాస్త పెంచుకునే వీలుండాలి. మంచులో అంతా తెల్లగా ఉంటుంది కాబట్టి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని బొమ్మని బూడిదరంగు చేసేస్తుందట. దాన్ని ప్లస్ వైపు తిప్పాలట.

దుకాణదారు గాజుబల్ల మీద మూడు కెమెరాలు పెట్టాడు. మొదటిదాని ముక్కు బారెడు.

"ఇది తీసుకోండి మాస్టారూ. మీ డాబా మీంచి చందమామలో మచ్చలు కనపడతాయి."

"చందమామ అక్కర్లేదండీ."

రెండోది వెండిరంగుది, సన్నది, అందమైనది. "కాలేజీ ఆడపిల్లలు ఇలాంటి వాటికోసం ఎగబడుతున్నారండి. పాత ఫొటోల్లా రావాలంట. నాలుగేళ్ళ కిందట కిలోల్లెక్కన తూచి ఇచ్చేసేను, ఇప్పుడు ఏడుస్తున్నాను," అన్నాడు. దానికి మీట ఒక్కటే ఉంది. మిగతాదంతా అదే చూసుకుంటుంది. నాకు భయమేసింది.

మూడోది నల్లది. మూలల్లో రంగుపోయి లోహం కనపడుతోంది. బ్యాటరీ తలుపు నిలవక రబ్బరుబ్యాండు వేశారు. వంతెన పనుల దగ్గర రోజూ ఫొటోలు తీసిన ఇంజనీరుదట. దుమ్ములో, గోదావరి గట్టున, ఎండలో తిరిగిన కెమెరా. టార్చి వేసి చూశాను. కటకం తేటగా ఉంది. పైన ప్లస్, మైనస్ గుర్తులతో చిన్న చక్రం ఉంది.

"దాన్నెవరూ ముట్టుకోరండీ," అన్నాడు దుకాణదారు. "ఇంతకీ ఏం తియ్యాలండీ మీకు?"

"మంచు."

అతను నా వైపు తిరిగాడు. "మంచుని ఎవరూ తియ్యరు కదండీ. మంచులో ఎవరినన్నా తీస్తారు."

అతను నా మెడలో కండువా వంక, జేబులోంచి కనపడుతున్న పాత కెమెరా వంక చూసి, పక్క కొట్టుకి కేకేసి టీ చెప్పాడు.

టీ వచ్చాక నాకు ఒక ఆలోచన వచ్చింది. గాజుగ్లాసు మీంచి ఆవిరి లేస్తోంది. దుకాణం గోడకి నల్లగుడ్డ ఒకటి వేలాడుతోంది. గ్లాసుని దాని ముందు పెట్టమని అడిగాను. ముందు నా ఫోనుతో తీశాను. గ్లాసు మెరిసిపోతూ వచ్చింది, నల్లగుడ్డ మరింత నల్లగా వచ్చింది, ఆవిరి లేదు. వెండిరంగుదానితో తీశాను. అది తనంతట తాను ఫ్లాష్ వేసి మా ఇద్దరినీ అదరగొట్టింది. టీ చల్లారిపోయింది. అతను తాగేసి ఇంకోటి తెప్పించాడు. పొడుగుముక్కుది ఆవిరిని పట్టుకోవడానికి ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉండగానే అదీ చల్లారింది.

"ఈ బేరంలో నాకు మిగిలేది టీయేనండీ," అని ఆ గ్లాసూ తాగేసి మరో టీ చెప్పాడు.

నల్లదానితో తీశాను. చక్రం ఒక్క గీత ప్లస్ వైపు తిప్పాను. తెర మీద ఆవిరి ఉంది. గ్లాసు అంచు దగ్గర దట్టంగా, పైకి పోయేకొద్దీ పల్చగా, ఎక్కడ అయిపోయిందో చెప్పలేనట్టుగా. దుకాణదారు వంగి చూశాడు.

"ఆయ్. వచ్చిందండీ," అన్నాడు, తనకే ఆశ్చర్యంగా.

ఇంటికి వచ్చాక మా మరదలు ఆ రబ్బరుబ్యాండుని చూసింది.

"కొత్త కెమెరా అన్నారు. పాతదానికి తాతలా ఉందేంటండీ?"

"కన్ను బాగుంది."

"అయినా నాకు తెలీక అడుగుతాను బావగారూ. ఆ కెమెరాలో మంచు ఎప్పుడంటే అప్పుడు వస్తాదిగా. దీనికోసం పొద్దున్నే లేచి మంచు కాపలా కాయాలా?"

"అందులో ఉన్నది బూజు. గట్టు మీదది కాదు."

"అక్క చుట్టిన చుట్టుకి పట్టిన బూజే కదండీ. అదీ అక్కదేగా."

ఆమె వేళాకోళానికి అన్నదో, మనసులో ఉండి అన్నదో తెలియదు. ఆ సాలెగూడు లాంటి పోగులు మా ఆవిడ శ్రద్ధలోంచే మొలిచాయి. ఆమె చేతుల మీదుగా వచ్చిన మంచు అది ఒక్కటే. దాన్ని గోడకి పెట్టుకుంటే ఎవరికి నష్టం?

చివరికి ఇలా అనుకున్నాను. ఆ కెమెరాతో తీస్తే గట్టూ మంచులో ఉంటుంది, నేనూ ఉంటాను, అన్నం గిన్నె తీస్తే అదీ ఉంటుంది. అన్నిటి మీదా ఒకే మంచు. అది ఆమె మాయమైన మంచు కాదు. ఆమె తుడవని కెమెరా చూడమంది. పూసేది చూడమనలేదు. నేను ఈ మాటలేవీ మా మరదలితో అనలేదు. "చూద్దాంలే," అన్నాను.

పాతదాన్ని మళ్ళీ ఆ సంచుల్లోనే కట్టి, తుండులో చుట్టి, బీరువాలో అదే చీర మడతలో పెట్టాను. ముడి మా ఆవిడ వేసినట్టు రాలేదు.

ఆ ఏడు మంచు రాలేదు. కార్తీకం చివర వాయుగుండం పట్టి వానలు. అవి పోయాక మబ్బు. మార్గశిరంలో ఉదయాలు కడిగినట్టు తేటగా ఉన్నాయి. నేను రోజూ లేచి, నల్లకెమెరా మెడలో వేసుకుని గట్టు మీదికి వెళ్ళేవాణ్ణి. మంచు లేకపోతే ఉన్నది తీసేవాణ్ణి. కాలువలో తేలిపోతున్న గుర్రపుడెక్క, దానిమీద నిలబడి ప్రయాణం చేస్తున్న కొంగ. రేవు మెట్ల మీద ఎవరో మరిచిపోయిన సబ్బుపెట్టె. అలా తీస్తూ చక్రం ఎంత తిప్పితే ఎంత తెలుపు వస్తుందో చేతికి తెలిసింది. ఇంటికొచ్చి కెమెరాని కిటికీ గట్టు మీద, వెలుగు తగిలేచోట పెట్టేవాణ్ణి.

"ఇవాళన్నా దిగేడాండీ మీ చుట్టం?" అని మా మరదలు గేటు దగ్గర నిలబడి అడిగేది.

"లేదు."

"రావులపాలెంలో బస్సు దొరకలేదేమోలెండి."

పుష్యం వచ్చింది. సంవత్సరీకానికి వంటవాళ్ళను మాట్లాడారు. రాత్రి పడుకుని కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఎండే వస్తోంది. ఈ ఏటికి ఇంతేనేమో, పాతదాంట్లో ఉన్న బొమ్మే ప్రింటుకి ఇచ్చేస్తానేమో అని కూడా అనుకున్నాను. ఒకసారి బీరువా తాళం చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను.

తరువాత ఒక ఉదయం తలుపు తీసేసరికి గేటు లేదు.

మెట్లు తడుముకుంటూ దిగాను. చేతికి గేటు తగిలాక గేటు కనపడింది. గట్టు మీద నా కాళ్ళ కింద ఉన్నంత నేలే ఉంది. నేను నడుస్తుంటే అది నాతోపాటు ముందుకు వస్తోంది, వెనకది వెనకే పోతోంది. కాలువ చప్పుడు లేదు. కొబ్బరాకుల మీంచి నీటిబొట్లు మాత్రం తోటలో ఎక్కడెక్కడో పడుతున్నాయి. కళ్ళజోడు మసకేసింది. తీసి జేబులో పెట్టుకున్నాను. పెద్ద తేడా కనపడలేదు.

ఆమె చీర రంగు పోయే చోటు అని నేను అనుకునే చోట ఆగాను. కెమెరా ఎత్తాను. చక్రం ప్లస్ వైపు తిప్పాను. ముందు ఒక కొబ్బరిచెట్టు మొదలు, దాని వెనక ఇంకో మొదలు ఉన్నట్టు అనుమానం, ఆ వెనక తెలుపు. తీశాను. ఇంకొకటి తీశాను. ఏ సున్నా తిరగలేదు. తెర మీద కూడా చెట్టు మొదలు, అనుమానం, తెలుపు. ఉన్నది ఉన్నట్టుగా ఉంది.

అయినా నాకేమీ కలగలేదు. చేతిలో సరైన బొమ్మ ఉంది. దాన్ని చూపించవలసిన మనిషి లేదు. నేను అక్కడ అలాగే, మాట్లాడకుండా, మంచులో ఎవరూ నిలబడకూడని విధంగా నిలబడిపోయాను.

ఎక్కడో సైకిలు గంట మోగింది. టైరు కింద ఇసుక నలుగుతున్న చప్పుడు, కొబ్బరికాయలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. గంట ఆగింది. ఆ మనిషికి నా అలికిడి తెలిసినట్టుంది.

"ఎవరండీ గట్టు మీద? ఉన్నారా?"

"ఆయ్," అన్నాను.

నా గొంతు అలా అని రెండేళ్ళు కావస్తోంది. ఆ మనిషి గంట కొట్టుకుంటూ నా పక్కగా వచ్చాడు, ముఖం కనపడలేదు, కాయల వాసన వేసింది, మళ్ళీ తెలుపులోకి వెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకోలేదు. తెరిచే ఉంచాను. ముందర ఆమె నడుస్తోంది. చెప్పు ఒకటి కొంచెం ఈడ్చి నడిచే నడక, దాని చప్పుడు. చీర రంగు పోయింది. ఆకారం పోయింది. ఎండ లేదు, ఆకులు లేవు, అవతల తోటలో లుంగీ లేదు. తెలుపు అలాగే నిలబడి ఉంది, ఆమె అందులో ముందెక్కడో ఉంది.

చాలాసేపటికి ఇంటికి వచ్చాను. మా మరదలు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"వచ్చేడన్నమాట చుట్టం. ఏవీ, చూపించండి."

కెమెరా ఇచ్చాను. దగ్గరగా పెట్టుకుని చూసింది, మా ఆవిడ ఫోన్ పెట్టుకున్నట్టే.

"ఇందులో ఏమీ లేదు కదండీ బావగారూ?"

నేను కాఫీ పోసుకున్నాను. ఆమె ఇంకా చూస్తోంది. ఈసారి వేళాకోళం లేకుండా అడిగింది.

"అక్క ఎక్కడుండేదండీ ఇందులో?"

చెట్టు మొదలు పక్కన తెల్లటి చోటు వేలితో చూపించాను. ఆమె ఆ చోటునే చూస్తూ కూర్చుంది. తరువాత కొంగుతో కెమెరా మీది తడి తుడిచింది, మెల్లగా, రబ్బరుబ్యాండు కింద కూడా. తుడిచి లోపలికి వెళ్ళింది. ప్లాస్టిక్ సంచి చప్పుడు వినపడింది. నేను వెళ్ళేసరికి కెమెరాని సంచిలో పెట్టి మూతి మెలితిప్పి దారం చుడుతోంది. రెండు చుట్లు చుట్టి, దారాన్ని కిందనుంచి తీసి, పళ్ళతో బిగించింది. నాకు రాని ముడి అదే.

"తేమ పట్టేసిందండీ. ఇలా వదిలేస్తే పాడైపోద్ది," అంది.

ఆమె వెళ్ళేదాకా ఆగాను. గేటు చప్పుడు అయ్యాక ముడి విప్పాను. దారం తెంపకుండా విప్పడానికి కొంచెంసేపు పట్టింది. కెమెరాని తీసి కిటికీ గట్టు మీద పెట్టి, కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. మంచు ఇంకా ఉంది. కొంచెం లోపలికి కూడా వచ్చింది.